మెడలో రాగి బిళ్ల

పోయిన నెల మన యూనియన్ ఆఫీసులో ఒక చిన్న వాదం లేచింది. సభ్యుడొకరి బిడ్డ, తొమ్మిదో తరగతి పిల్ల, బడిలో వ్యాసం రాయమన్నారని కాగితం పట్టుకొని వచ్చింది. విషయం: కొలంబస్ సాహసయాత్ర, దానివల్ల ప్రపంచానికి కలిగిన మేలు. అప్పుడే పాళీ దిగి వచ్చిన నలుగురు పెద్దలు ఆ పిల్లకు నాలుగు రకాలుగా చెప్పారు. ఒకాయన, "ఆ సముద్రం ఎక్కడ, మన సోలాపూర్ ఎక్కడ? మనకెందుకు బిడ్డా అదంతా" అన్నాడు. ఇంకొకాయన డబ్బా మూత తీసి షేంగా చట్నీ చూపించి, "ఇది ఆయన పుణ్యమే, రాసుకో" అన్నాడు. రెండో ఆయన మాటలో నిజం ఉంది. అయితే అది సగం నిజం. మిగిలిన సగం ఆ పిల్లకు ఎవరూ చెప్పలేకపోయారు. ఆ సగం కోసమే ఈ నాలుగు మాటలు.

చట్నీ సంగతి ముందే తేల్చుకుందాం. పల్లీ దక్షిణ అమెరికా పంట. మిర్చి మెక్సికో వైపు నుంచి వచ్చింది. 1492కు ముందు మన దేశంలో ఏ వంటింట్లోనూ మిరపకాయ లేదు, కారం కావాలంటే మిరియాలే. పోర్చుగీసు ఓడలు పశ్చిమ తీరానికి తెచ్చిన తరువాతే మిర్చి ఊరూరికీ పాకింది. ఆలుగడ్డ, టమాట, మక్కజొన్న, బొప్పాయి, జామ, సీతాఫలం, జీడిపప్పు, ఇవన్నీ ఆ ఒడ్డువే. మన ఇండ్లలో ఆడవాళ్లు వెయ్యి బీడీలు చుట్టి కార్ఖానాకు అప్పజెబుతారే, ఆ ఆకు మన అడవిది, అందులోని పొగాకు అమెరికాది. డబ్బాలో చట్నీ పక్కనున్న జొన్న భాకరీ మాత్రం అంతకు వేల ఏండ్ల ముందే ఆఫ్రికా నుంచి నడిచి వచ్చింది. కడక్ భాకరీ, షేంగా చట్నీ మన సోలాపూర్ సొంతమని చెప్పుకునేవాళ్లకు కాస్త కష్టంగానే ఉంటుంది కానీ, ఉన్నమాట అది.

ఇట్లాంటి పట్టిక ఒకటి వేసి, వాళ్లకు గుర్రాలూ గోధుమలూ వెళ్లాయి, మనకు మిర్చీ మక్కలూ వచ్చాయి, ఎంత మంచి ఇచ్చిపుచ్చుకోవడమో అని ముగించే పుస్తకాలు చాలా ఉన్నాయి. మా అభ్యంతరం ఆ ఇచ్చిపుచ్చుకోవడం అన్న మాట మీదే. ఇచ్చేవాడికి ఇవ్వనని చెప్పే వీలుంటేనే దాన్ని ఇచ్చిపుచ్చుకోవడం అంటాం. 1992లో ఆ యాత్రకు 500 ఏండ్లు నిండాయని స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో పెద్ద ప్రదర్శన పెట్టారు. అదే ఏడు అమెరికా ఖండాల ఆదివాసులు ఊరూరా ఊరేగింపులు తీసి, మమ్మల్ని ఎవరూ కనుక్కోలేదు, మేము ఇక్కడే ఉన్నాం అని చెప్పారు. గ్వాటెమాలాకు చెందిన ఆదివాసీ స్త్రీ రిగొబెర్తా మెంచూకు ఆ సంవత్సరమే నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఉత్సవం ఒకటే, కానీ ఒకరికి పండుగ, ఒకరికి దినం.

నూలు పని చేసేవాళ్లం కాబట్టి ఈ కథలో మన కంటికి ముందు ఆనేది పత్తి. 1492 అక్టోబర్ 12న కొలంబస్ ఓడలు బహామా దీవుల్లో ఆగినప్పుడు, అక్కడి జనం ఈదుకుంటూ వచ్చి తెల్లవాళ్లకు ఇచ్చినవి చిలుకలు, పత్తి నూలు ఉండలు. ప్రతిగా పుచ్చుకున్నవి గాజుపూసలు, చిరుగంటలు. ఇది కొలంబస్ తన దినచర్యలో తానే రాసుకున్న సంగతి. అంటే ఆ తీరం నుంచి ఐరోపావాళ్ల చేతికి మొట్టమొదట అందింది బంగారం కాదు, ఎవరో ఆడమనిషి ఏకి, వడికి, చుట్టిన నూలు. పత్తి మన దేశంలోనే పుట్టిందని మనం గర్వపడుతుంటాం. మన పత్తి వేరు, వాళ్ల పత్తి వేరు. రెండు చోట్లా మనుషులు ఒకరి ఊసు ఒకరికి తెలియకుండానే వేల ఏండ్లుగా వడికారు, నేశారు.

మూడేండ్లు తిరిగేసరికి ఆ నూలు ఉండ పన్ను అయింది. 1495లో హిస్పానియోలా దీవిలో (ఇప్పటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్ కలిసి ఆ దీవి) కొలంబస్ ఒక లెక్క పెట్టాడు. బంగారం దొరికే ప్రాంతాల్లో పద్నాలుగేండ్లు నిండిన ప్రతి మనిషీ మూడు నెలలకొకసారి ఒక చిరుగంట నిండా బంగారు పొడి తెచ్చి ఇవ్వాలి. బంగారం లేని ప్రాంతాల వాళ్లు మనిషికి ఒక అరోబా పత్తి ఇవ్వాలి. అరోబా అంటే సుమారు 25 పౌండ్లు. కట్టినవాళ్లకు ఒక లోహపు బిళ్ల ఇచ్చేవాళ్లు, రాగిదో ఇత్తడిదో. దాన్ని మెడలో వేసుకొని తిరగాలి. బిళ్ల లేకుండా దొరికినవాడికి శిక్ష.

మిల్లు గేటు దగ్గర బిళ్ల చూపించి లోపలికి పోయిన అలవాటు ఉన్నవాళ్లకు ఈ మాట వింటే ఒళ్లు జలదరించాలి. మొన్న ఇంతవరకు చదివి వినిపించినప్పుడు, రిటైరైన ఒక రింగ్ ఫ్రేమ్ కార్మికుడు మాట్లాడకుండా చొక్కా జేబు తడుముకున్నాడు.

ఆ దీవి జనం అప్పటికి లక్షల్లో ఉండేవాళ్లు. 1514లో స్పెయిన్ అధికారులు పనివాళ్లను పంచుకోవడానికి లెక్క తీస్తే తేలింది సుమారు 26 వేలు. 1518 చివర మశూచి దిగింది. ఆ శతాబ్దం సగమయ్యేసరికి వందల్లో మిగిలారు. జబ్బులు చంపాయి, అందులో మనుషుల తప్పేముంది అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జబ్బులే ఎక్కువ మందిని చంపాయి, నిజమే. కానీ పొలం వదిలిపెట్టి గనిలోకి తోలబడిన మనిషికి, ఇంట్లో గింజ లేని తల్లికి, చెట్టుకొకరు పుట్టకొకరు అయిన ఊరికి జబ్బు ఎట్లా తగులుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. దూది దుమ్ము అందరి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది, మంచం పట్టేది మాత్రం తిండి చాలనివాడు.

బార్తొలొమే దె లాస్ కసాస్ అని ఒక మతగురువు ఈ ఘోరాలన్నీ రాసిపెట్టాడు. గొప్ప మనిషి. ఆయనే 1516లో ఆదివాసుల ప్రాణాలు నిలబెట్టాలనే జాలితో, వాళ్ల బదులు ఆఫ్రికా నుంచి బానిసలను తెప్పించుకోండని సలహా ఇచ్చాడు. తరువాత బతికినంత కాలం దానికి పశ్చాత్తాపపడ్డాడు. ఒక కూలీ మెడ మీద కాడి తీసి ఇంకొక కూలీ మెడ మీద పెట్టే న్యాయం అది. మంచివాళ్లకు కూడా ఆ పొరపాటు సులువుగా వచ్చేస్తుంది.

కొలంబస్ 1493లో రెండోసారి పోయినప్పుడు కానరీ దీవుల నుంచి చెరుకు ముక్కలు తీసుకుపోయాడు. ఆ చెరుకే తరువాతి మూడు వందల ఏండ్లకు దారి చూపింది. బట్టల మిల్లు పుట్టకముందే అట్లాంటిక్ అవతల ఒక మిల్లు పుట్టింది, చెరుకు మిల్లు. కోసిన చెరుకు గంటల్లో ఆడకపోతే రసం పులిసిపోతుంది. అందుకని కోత కాలంలో గానుగలు రాత్రింబవళ్లు తిరగాలి, కాగులు కాగుతూనే ఉండాలి, మనుషులు పాళీలు మారుతూ నిలబడాలి. రాత్రి పాళీ, యంత్రం వేగానికి చెయ్యి కదపడం, గంట కొడితే పరుగెత్తడం, ఇవన్నీ మాంచెస్టర్‌లో మొదలయ్యాయని అనుకుంటాం. బ్రెజిల్‌లో, బార్బడోస్‌లో బానిసలు అంతకు నూరేండ్లకు పైగా ముందే ఆ పని చేశారు. గానుగ రోలర్ల పక్కన ఒక గొడ్డలి ఉంచేవాళ్లు. నిద్రమత్తులో చెరుకు అందించే మనిషి చెయ్యి రోలర్ల మధ్య చిక్కుకుంటే మిల్లు ఆపేవాళ్లు కాదు, చెయ్యి నరికేవాళ్లు. కాపలా కవచం తీసేసిన యంత్రం మీద పనిచేయించే యజమానులు ఈనాటికీ ఉన్నారు కాబట్టి ఆ గొడ్డలి సంగతి పాత కథ అని దాటవేయలేం.

1501 నుంచి 1866 వరకు ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించిన మనుషులు సుమారు ఒక కోటి 25 లక్షలు. ప్రాణాలతో దిగినవాళ్లు ఒక కోటి 7 లక్షలు. మధ్యలో సముద్రం పాలైనవాళ్లు 18 లక్షల వరకు. ఓడల పద్దులు వెతికి చరిత్రకారులు తేల్చిన అంకెలివి. పద్దులు అంత జాగ్రత్తగా ఎందుకు రాశారంటే, అది సరుకు.

ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి. ఆ మనుషులను ఏమిచ్చి కొన్నారు? తుపాకులు, సారాయి, పూసలు, ఇనుము అని చదువుకున్నాం. అవీ ఉన్నాయి. కానీ 18వ శతాబ్దంలో ఇంగ్లీషు ఓడలు ఆఫ్రికాకు మోసుకుపోయిన సరుకులో సగం దాకా గుడ్డలే. ఆ గుడ్డల్లో పెద్ద వాటా మన దేశంలో నేసినవి, గుజరాత్‌వి, కోరమాండల్ తీరానివి. మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు 1611లో కొఠీ పెట్టారు. నర్సాపురం దగ్గర మాధవాయపాలెంలో ఇంకొక కొఠీ వెలిసింది. ఆ ఊరి పేరే నోరు తిరగక మడపోలం అయి, ఒక రకం తెల్లగుడ్డకు పేరై కూర్చుంది. తరువాత లాంకషైర్ మిల్లులు కూడా తమ గుడ్డకు ఆ పేరే పెట్టుకున్నాయి. సాలెంపూరు, లాంగ్‌క్లాత్, చీటీ గుడ్డ, నీలి గినీ గుడ్డ అని రకరకాలు. గినీ అంటే ఆఫ్రికా పశ్చిమ తీరం. అక్కడి గిరాకీ కోసమే నేయించారు కనుక ఆ పేరు వచ్చింది. ఆఫ్రికా వర్తకులు గుడ్డ బాగా తెలిసినవాళ్లు, రంగు దిగితే వెనక్కి విసిరేసేవాళ్లు. అందుకే ఐరోపాలో అచ్చేసిన నకళ్లు అక్కడ చాలాకాలం నెగ్గలేదు, మన నేతే కావాలన్నారు.

మరి ఆ గుడ్డ మన దగ్గర ఏమిచ్చి కొన్నారు? వెండి ఇచ్చి. ఆ వెండిలో చాలా భాగం ఇప్పటి బొలీవియాలోని పొతొసీ కొండది. 1545లో అక్కడ వెండి బయటపడింది. 1570ల నుంచి చుట్టుపక్కల రాష్ట్రాల మగవాళ్లలో ఏడుగురికి ఒకరు వంతున, ఏడాదికి సుమారు 13 వేల మంది ఆదివాసులు వంతు వెట్టికి గనిలో దిగాలని రాజశాసనం. ఆ కొండలో కన్నుమూసిన వాళ్ల వెండి నాణేలై, స్పెయిన్ దాటి, లండన్, ఆమ్‌స్టర్‌డామ్ దాటి, మచిలీపట్నంలో దించితే మన టంకశాలల్లో కరిగి రూపాయి అయింది. ఆ రూపాయిలో దళారీ వాటా పోగా మిగిలింది గోదావరి ఒడ్డు మగ్గం మీద కూచున్న సాలె చేతికి వచ్చింది. ఆ సాలె నేసిన గుడ్డ ఆఫ్రికా తీరంలో ఒక మనిషి వెల అయింది.

ఇది రాయడం మాకు సులువుగా లేదు. కులసభల సావనీర్లలో మనం ఏటేటా చదువుతాం, మన పూర్వీకుల గుడ్డ సప్త సముద్రాలు దాటిందని. దాటింది, అబద్ధం లేదు. ఎక్కడికి పోయింది, ఏమి కొనడానికి పోయింది అన్నది మాత్రం ఏ సావనీరులోనూ ఉండదు. నేసినవాడిది పాపమని మేము అనం. వాడికి దళారీ ముందుగా అప్పు కింద ఇచ్చిన పైకం తెలుసు, పడుగు పేకల లెక్క తెలుసు, గుడ్డ తక్కువ పడితే తగిలే దెబ్బలు తెలుసు. ఓడ ఎక్కడికి పోయిందో వాడికి ఎవరు చెప్పారు? ఈ రోజు మనం నేసే టెర్రీ టవల్ ఏ దేశంలో ఏ హోటల్‌లో ఆరేస్తారో మనకు తెలుసా? కానీ తెలియకపోవడం వేరు, తెలిసిన తరువాత దాచుకోవడం వేరు. గర్వం చెప్పుకుంటే లెక్క మొత్తం చెప్పుకోవాలి.

ఆ గుడ్డే ఇంకో దారిలో అవతలి ఒడ్డుకు చేరింది. మార్టినిక్, గ్వాదెలూప్ దీవుల్లో నల్లజాతి స్త్రీలు తలకు చుట్టుకునే గళ్ల గుడ్డను ఈనాటికీ మద్రాస్ అనే పిలుస్తారు, పండుగ రోజు అది కట్టుకోనిదే వాళ్లకు పండుగ కాదు. మనిషిని కొన్న గుడ్డను ఆ మనిషి మనుమరాళ్లు తలమీద కిరీటంలా కట్టుకున్నారు. బానిసత్వం రద్దయ్యాక ఆ చెరుకు తోటల్లోకే 1853 నుంచి పుదుచ్చేరి, కారైకాల్ రేవుల మీదుగా తమిళులతో పాటు తెలుగు కూలీలు కూడా ఒప్పంద పత్రం మీద వేలిముద్ర వేసి పోయారు. యానాం నుంచి మన బులెటిన్ చదివే మిత్రులు ఈ కథ ఇంకా బాగా చెప్పగలరు, రాసి పంపితే వేస్తాం. పుదుచ్చేరిలో మిల్లులు పెట్టినప్పుడు వాటి పెద్ద సరుకు సెనెగల్‌కు పోయే నీలి గినీ గుడ్డే. ఆ పుదుచ్చేరి మిల్లు కార్మికులే 1936 జూలై 30న ఎనిమిది గంటల పని అడిగి, పన్నెండు మంది తుపాకీ గుండ్లకు ఒరిగారు.

ఇక ఇంగ్లండ్ సంగతి. మన గుడ్డ అక్కడ విపరీతంగా అమ్ముడై, వాళ్ల ఉన్ని, పట్టు సాలెల పని పడిపోయింది. 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ సాలెలు వీధుల్లో గుంపులుగా తిరిగి, అద్దకం గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ల మీదపడి బట్టలు చింపారు. 1700లో ఒక చట్టం, 1721లో ఇంకొకటి చేసి అద్దకపు నూలు గుడ్డ కట్టడమే నేరమన్నారు. తిరిగి ఎగుమతి చేయడానికి మాత్రం తెచ్చుకోవచ్చు, అంటే ఆఫ్రికాకు పంపడానికి అడ్డులేదు. మా ఆడవాళ్ల ఒంటిమీద వద్దు, మనిషిని కొనడానికి మాత్రం కావాలి. ఆ సాలెల ఆకలి నిజం. కానీ వాళ్ల చెయ్యి తగిలింది కంపెనీ వాటాదారుకు కాదు, దారిన పోయే ఆడమనిషికి.

ఆ తరువాత కథ మనం యూనియన్ తరగతుల్లో చదివినదే, యంత్రాలు వచ్చాయి. యంత్రానికి మేత కావాలి. 1793లో ఎలీ విట్నీ అనే ఆయన గింజ తీసే కొత్త యంత్రం కట్టాడు. అంతవరకు రోజంతా కూచున్నా గుప్పెడు దూది వచ్చేది. ఇక గింజ పని తేలికయింది, కనుక ఏరే పని పెరిగింది. యంత్రం వస్తే కూలీకి విశ్రాంతి అని చెప్పేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు లేదు. అది వచ్చిన తరువాత అమెరికాలో బానిసల సంఖ్య 1860 నాటికి 39 లక్షల 50 వేలకు పెరిగింది. పత్తి నేల కోసం 1830లో చట్టం చేసి ఆదివాసులను మిసిసిపీ అవతలికి తోలారు. 1838లో చెరోకీ జాతివాళ్లు నడిచిన ఆ దారిలో వేలమంది పిల్లలూ ముసలివాళ్లూ రాలిపోయారు. ఖాళీ అయిన నేలకు పైరాష్ట్రాల నుంచి పది లక్షల మంది బానిసలను, మొగుణ్ణి ఒకచోట పెళ్లాన్ని ఒకచోట అమ్మి తరలించారు.

ఆ పొలాల్లో పని ఎట్లా కొలిచేవారో సోలమన్ నార్తప్ రాసిన పుస్తకంలో ఉంది. ఆయన స్వతంత్రుడుగా పుట్టి, ఎత్తుకుపోయి అమ్మబడి, పన్నెండేండ్లు బానిసగా బతికి బయటపడిన నల్లజాతి మనిషి. 1853లో అచ్చయింది. మామూలు మనిషికి రోజుకు 200 పౌండ్ల పత్తి లెక్క. పొద్దుగూకినాక బుట్టలు కాంటా మీద పెట్టేవాళ్లు. తక్కువ తూగితే కొరడా. పోనీ ఎక్కువ తూగితే? మరునాటి నుంచి ఆ ఎక్కువే వాడి లెక్క. కొత్తవాడు వస్తే మొదటి రోజు కొరడా కింద ప్రాణం పోయేట్టు ఏరించి, ఎంత ఏరితే అదే ఖాయం చేసేవాళ్లు. నాలుగు సాంచాలు చూసుకునేవాడికి ఆరు అప్పజెప్పి, ఒక నెల ఎట్లనో నెగ్గుకొస్తే ఆరునే మామూలు చేసే పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఇప్పుడు అర్థమవుతున్నదా? కొరడా లేదు, పగార్ తెగ్గోత ఉంది. రెండూ ఒకటే అని మేము అనం, బానిసను అవమానించినట్టవుతుంది. మన మనిషికి గేటు దాటి పోయే హక్కు ఉంది, సంఘం పెట్టుకునే హక్కు ఉంది. ఆ కాంటా మాత్రం అదే కాంటా.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం లేచింది. ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవులను దిగ్బంధం చేశాయి. లాంకషైర్‌కు పత్తి రావడం ఆగింది. 1862 చివరకు దాదాపు ఐదు లక్షల మంది ధర్మ సహాయం మీద బతుకుతున్నారు. స్టేలీబ్రిడ్జ్ ఊళ్లో సహాయం డబ్బుగా కాకుండా చీటీలుగా ఇస్తామంటే 1863 మార్చిలో తిరగబడ్డారు. ఆ ఆకలిలో కొందరు, దక్షిణాదికి సాయంపోయి దిగ్బంధం తొలగించండి, మాకు పత్తి కావాలి అన్నారు. అట్లా అనడం సహజం, దాన్ని దాచి లాంకషైర్ మొత్తం ధర్మరాజులే అని రాసేవాళ్లతో మేము ఏకీభవించం. అందుకే 1862 డిసెంబర్ 31న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాలులో కార్మికులు సభ పెట్టి, బానిసత్వం పోవాలి, మీ పక్షాన ఉన్నాం అని లింకన్‌కు రాసిన లేఖకు అంత విలువ. పొయ్యి వెలగని ఇంటివాళ్లు రాసిన లేఖ అది. 1863 జనవరి 19న లింకన్ వాళ్లకు జవాబు రాశాడు. తరువాత అమెరికా నుంచి వాళ్ల కోసం తిండి సామాను ఓడలో వచ్చింది. మాంచెస్టర్‌లో లింకన్ విగ్రహం ఈనాటికీ ఉంది.

అమెరికా పత్తి ఆగితే మన పత్తి పోయింది, సూరత్ పేరుతో. పోగు పొట్టిది, చెత్త ఎక్కువ. వాళ్ల యంత్రాలు అమెరికా పత్తి పొడవుకు కట్టినవి. దారం నిమిషానికొకసారి తెగేది. కూలీ పని మీద లెక్క కాబట్టి తెగిన ప్రతి పోగూ వాళ్ల పగార్‌లోంచి తెగింది. సూరత్ అనే మాట ఆ ఊళ్లలో నాసిరకానికి మారుపేరయింది. నాసిరకం నూలు ఇచ్చి ఉత్పత్తి తగ్గిందని కోత పెట్టే యాజమాన్యంతో తగాదా పడినవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

ఆ నాలుగేండ్లూ బొంబాయిలో బంగారం కురిసింది. బేరాలు, వాటాలు, సముద్రం పూడ్చే కంపెనీలు. 1865లో యుద్ధం ముగిసింది, ధర కూలింది, జూలై కల్లా షేర్లు కాగితాలైపోయాయి. పెద్ద వర్తకులు కొందరు మునిగారు. అసలు దెబ్బ తగిలింది పత్తి వేసిన రైతుకు, సాహుకారు దగ్గర తెచ్చిన అప్పు మీద వడ్డీ పెరుగుతూ పోయి, 1875 మేలో పుణె జిల్లా సూపా గ్రామంలో రైతులు సాహుకార్ల ఇండ్ల మీదపడి పత్రాలు తగలబెట్టారు. మరుసటి ఏడు కరువు. ఆ కరువు నడుమ, 1877లోనే మన సోలాపూర్‌లో మొదటి గిర్నీ లేచింది. మన తాతలు మగ్గం కట్టిపెట్టి నిజాం రాజ్యం నుంచి నడిచొచ్చి చేరింది ఈ ఊరికే. ఆ సముద్రం ఎక్కడ, మన సోలాపూర్ ఎక్కడ అన్న పెద్దమనిషికి దారి ఇది.

పత్తి కూడా మారిపోయింది. 1840లో కంపెనీవాళ్లు అమెరికా నుంచి పదిమంది తోటల పెద్దలను జీతమిచ్చి తెప్పించారు, మన రైతుకు పత్తి వేయడం నేర్పించడానికి. ధార్వాడ్ వైపు తప్ప పెద్దగా సాగలేదు. వాళ్లు చేయలేనిది తరువాత మిల్లులు, విత్తన కంపెనీలు చేశాయి. ఇప్పుడు దేశంలో పొలాల్లో ఉన్న పత్తిలో దాదాపు అంతా అమెరికా జాతిదే, దేశవాళీ వెతికితే గాని దొరకదు.

చివరగా బకాయిల మాట. బ్రిటన్ 1833లో తన వలసల్లో బానిసత్వం రద్దు చేస్తూ రెండు కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చింది. ఎవరికి? యజమానులకు, ఆస్తి పోయినందుకు. బానిసలకు ఒక్క పెన్నీ లేదు, పైగా 1838 దాకా అప్రెంటిసులనే పేరుతో అదే యజమాని దగ్గర జీతం లేకుండా పనిచేయాలన్నారు. ఆ పరిహారానికి తెచ్చిన అప్పు బ్రిటన్ ఖజానా తీర్చడం ముగిసింది 2015లో. అంటే మనలో చాలామంది బతికి ఉండగానే, బానిసల మనుమల పన్ను కూడా కలిపి, తీర్చారు. హైతీ ఇంకా ఘోరం. బానిసలు 1791లో తిరగబడి, నెపోలియన్ సేనలను ఓడించి, 1804లో దేశం నిలబెట్టుకున్నారు. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు తెచ్చి నిలిపి 15 కోట్ల ఫ్రాంకులు అడిగింది, మా ఆస్తి పోయింది అని. ఆ ఆస్తిలో వాళ్ల శరీరాలు కూడా ఉన్నాయి. తరువాత 9 కోట్లకు తగ్గించారు. దానికోసం తెచ్చిన అప్పులు తీరేసరికి 1947 అయింది.

మన ఊళ్లో మూతపడిన ఒక మిల్లు భూమికి ఇప్పుడు ధర అడుగుల లెక్కన పలుకుతున్నది. అప్పు ఇచ్చినవాళ్ల వాటా, యజమాని వారసుల వాటా ముందు తేలిపోయాయి. ఆఖరి పగార్, గ్రాట్యుటీ రావలసినవాళ్ల పేర్ల పట్టికలో మాత్రం చనిపోయినవాళ్లే సగానికి పైగా ఉన్నారు. హాజరీ పుస్తకాలు దొరకడం లేదని జవాబు వచ్చింది. పుస్తకాలు లేకపోతే మన దగ్గర బిళ్లలున్నాయి, నెంబరు కొట్టిన ఇత్తడి బిళ్లలు, ట్రంకు పెట్టె అడుగున, దేవుడి గూట్లో, పిల్లల ఆట సామానులో ఎక్కడో ఉంటాయి. వెతికి తీయండి. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఆఫీసుకు తెచ్చి నెంబరు రాయించండి. తండ్రి పోయిన ఇండ్లవాళ్లు తండ్రి బిళ్ల తెండి.